రాజనాల పక్షాన

నెల్లూరు జిల్లా సినిమాకు ఎవరెవర్ని ఇచ్చిందని అడిగితే మా వైపు చిన్నపిల్లలు కూడా తడుముకోరు. గొంతుకు బాలసుబ్రహ్మణ్యం, పాటకు ఆత్రేయ, నవ్వుకు రమణారెడ్డి, నాయికంటే వాణిశ్రీ. రాజనాల పేరు ఈ వరసలో ఎక్కడో చివర్న వస్తుంది. వచ్చినా “ఆ, విలన్ గదా” అన్న మాటతో ఆగిపోతుంది. రాజనాల కాళేశ్వరరావు 1925 జనవరి 3న కావలిలో పుట్టారు. 2025తో ఆయన పుట్టి నూరేళ్ళయింది. తెలుగు జానపద చిత్రాలు వెలిగిన రోజుల్లో రాజ్యాలను కూలదోయబోయి ప్రతిసారీ ఓడిపోయిన ఆ మనిషి నటన గురించి ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. నేనాయన అభిమానిని. కాబట్టి ఆ పని నాది.

ఒక నటుడికి తగిన పేరు రాలేదని వాదించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఈ మధ్య నాకా విద్యలో కొత్త సంగతులు చూపించింది మా మేనకోడలు. ఆ పిల్ల ఫోనులో చైనా వాళ్ళ ధారావాహికలు చూస్తుంది. దేవలోకాలు, మంత్రశక్తులు, పొడుగాటి పట్టుబట్టలు, గాలిలో కత్తియుద్ధాలు. 2018లో వచ్చిన ‘యాషెస్ ఆఫ్ లవ్’ అనే కథ ఆమెకు ప్రాణం. అందులో హీరో వేరే ఉన్నాడు. ఈమె మాట్లాడేది మాత్రం హీరోకు అన్నగా, రున్‌యు అనే పాత్రలో వేసిన లువో యున్షి గురించి. “మామా, హీరో బాగా చేశాడు, కాదన్లా. కానీ ఈయప్పకి తమ్ముడి మీద ప్రేమ ఎక్కడ తిరిగిపోయిందో కళ్ళల్లో చూడు” అని ఆ చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూపిస్తుంది. అక్కడ చాలా ధారావాహికల్లో నటుడి గొంతు నటుడిది కాదు, డబ్బింగ్ కళాకారులది. అందుకని ఆ అభిమానులు తమ నటుడి గొప్ప చెప్పాలంటే మెడ తిప్పిన తీరు, చేతి వేళ్ళు, రెప్పలు, నడక ఇవన్నీ విడివిడిగా గమనించాల్సిందే. లువో యున్షి బ్యాలే నాట్యం నేర్చినవాడని చెప్పి, ఆ నాట్యం భుజాల్లో ఎక్కడ కనిపిస్తుందో చూపిస్తారు. “మావాడు గొప్ప” అన్న కేకకూ దీనికీ చాలా దూరం ఉంది.

అక్కడా ఇక్కడా చిక్కు ఒక్కటే. మంత్రాలూ మాయలూ ఉన్న కథను పెద్దవాళ్ళు నటనకు ఆస్కారం లేని చోటుగా చూస్తారు. విగ్గులు, కిరీటాలు, అట్ట కోటలు, వీటి మధ్య నటించేదేముందంటారు. సాంఘిక చిత్రంలో కన్నీరు పెట్టినవాడు నటుడు, జానపదంలో కత్తి పట్టినవాడు వేషగాడు అన్న లెక్క మనవాళ్ళలోనూ పాతుకుపోయింది. రాజనాలకు దక్కాల్సిన పేరు తగ్గడానికి మొదటి కారణం ఆయన పనిచేసిన రకం సినిమాకే గౌరవం లేకపోవడం.

ఆయన వేషం కట్టకముందు ఏం చేశారో తెలిస్తే ఆ నటనను వేరే కంటితో చూస్తాం. నెల్లూరులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేశారు. మిత్రులతో కలిసి నాటక సంస్థ పెట్టి ఆత్రేయ నాటకాలు ఆడారు. వాటిలో ‘ఎవరు దొంగ’ లంచగొండితనాన్ని ఎండగట్టిన నాటకం. సర్కారు ఉద్యోగంలో ఉంటూ అది ఆడినందుకు కొన్నాళ్ళు సస్పెండయ్యారు కూడా. తర్వాత మద్రాసు చేరి, 1953లో ‘ప్రతిజ్ఞ’తో తెరమీదికి వచ్చారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి, తెలుగువారి తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసినవారు. ఆ ‘ప్రతిజ్ఞ’తోనే కాంతారావు కథానాయకుడయ్యారు. తర్వాతి ఏళ్ళలో వందల అడుగుల ఫిల్ములో ఒకరి మీద ఒకరు కత్తి దూసిన ఇద్దరూ ఒకే గుమ్మం నుంచి లోపలికి వచ్చారన్నమాట.

రాజనాల విలన్ మాంత్రికుడైనప్పటికన్నా కొలువులో మనిషి అయినప్పుడు నాకు ఎక్కువ భయం వేస్తుంది. సేనాపతి, మంత్రి, రాజబంధువు. సింహాసనానికి రెండడుగుల దూరంలో నిలబడి, ఆ రెండడుగులూ ఎప్పుడు దాటుదామా అని చూసేవాడు. అలాంటి పాత్రలో ఆయన గొంతు మూడు రకాలుగా నడుస్తుంది. రాజు ముందు మాట మెత్తగా, వాక్యం చివర కాస్త కిందికి వంగుతుంది. సైనికుల ముందు అదే గొంతు కోసినట్టుంటుంది, సగం మాటతోనే ఆజ్ఞ అయిపోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మాటకన్నా ముందు నవ్వు వస్తుంది. పైవాడి దగ్గర ఒక మనిషి, కిందివాడి దగ్గర ఇంకో మనిషి అయ్యే ఈ తీరు కచేరీల్లో పనిచేసినవాళ్ళకు బాగా తెలిసిన సంగతి. తాలూకా ఆఫీసుల్లో అధికారం ఎలా కూర్చుంటుందో, ఎలా లేస్తుందో దగ్గరగా చూసిన కళ్ళే ఆయన కిరీటం కిందా ఉన్నాయని నా నమ్మకం. అందుకే అట్ట కోటలో కూడా ఆ దుర్మార్గం నిజంగా కనిపిస్తుంది.

ఆయన పక్షాన నేను చూపించే మొదటి సాక్ష్యం కె.వి. రెడ్డి తీసిన ‘జగదేకవీరుని కథ’, 1961 నాటిది. అందులో ఆయన త్రిశోకానందుడనే రాజు. హీరో భార్య మీద కన్నుపడి, ఆమెను దక్కించుకోవాలని ఎత్తులు వేస్తాడు. పక్కన సి.ఎస్.ఆర్. వేసిన మంత్రి బాదరాయణ ప్రగ్గడ, మాటకొక పొగడ్త విసిరి రాజును ఆడిస్తుంటాడు. ఆ సన్నివేశాల్లో అందరి చూపూ సి.ఎస్.ఆర్. మీదికే పోతుంది, పోవాలి కూడా. ఈసారి చూసేటప్పుడు పొగడ్త వినే మనిషి ముఖం చూడండి. ప్రతి పొగడ్తనూ ముందు నమ్మడు, తర్వాత నమ్మాలనుకుంటాడు, చివరికి నమ్మేస్తాడు. ఆ మూడు మెట్లూ ముఖం మీద కనిపిస్తాయి. వినేవాడు అంత నిజాయితీగా మోసపోతేనే చెప్పేవాడి మాటకు నవ్వు పుడుతుంది. నవ్వించే రాజే అయినా, ఆడదాన్ని బలవంతంగా తెచ్చుకోగలడన్న భయం మాత్రం ఎక్కడా పోనివ్వలేదు. ఒకే పాత్రలో నవ్వూ హానీ కలిపి పట్టుకోవడం తేలిక కాదు.

రెండో సాక్ష్యం, జానపద సినిమాలు తీసిన పద్ధతి. ఇవాళ కంప్యూటరు చేసే మాయను అప్పుడు కెమెరాతోనే చేసేవారు. వస్తువు మాయమవ్వాలంటే కెమెరా ఆపి, ఆ వస్తువు తీసేసి, మళ్ళీ తిప్పేవారు. ఆ ఆగిన కాసేపూ నటుడు కదలకూడదు. చెయ్యి ఎక్కడుందో అక్కడే, చూపు ఎటుందో అటే, ముఖంలో కోపం ఎంతుందో అంతే. కొంచెం జరిగితే తెరమీద మాయ తేలిపోతుంది. ఎదురుగా లేని రాక్షసుణ్ణి ఉన్నట్టు చూడాలి, ఎత్తు ఎంతో కళ్ళతోనే కొలవాలి. నటుడు నమ్మకపోతే ప్రేక్షకుడు నమ్మడు. జానపదంలో హీరోకు వరాలుంటాయి, పాటలుంటాయి, అందమైన నాయిక ఉంటుంది. విలన్ పందిట్లో నడిమి గుంజ. అతని బెదిరింపు నిజమనిపిస్తేనే మిగతా కథ నిలబడుతుంది. ఎన్టీఆర్‌తో ‘గులేబకావళి కథ’, ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘పిడుగు రాముడు’ వంటి చిత్రాల్లో ఆ బరువు మోసినవారు రాజనాల.

మూడోది కత్తియుద్ధం. దీన్ని అభిమానులు కూడా హీరో లెక్కలోనే వేస్తారు. కానీ తెరమీద హీరో కత్తి వేగం సగం విలన్ చేతిలో ఉంటుంది. దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తుందో ప్రేక్షకుడికి ముందే తెలిసేలా కత్తి ఎత్తాలి, అప్పుడే హీరో అడ్డుకోవడంలో రుచి. గెలుస్తున్నప్పుడు తొందర, ఓడుతున్నప్పుడు ఆశ్చర్యం, ఆ ఆశ్చర్యంలో కొంచెం అవమానం. చచ్చేటప్పుడు కూడా ఇది నాకెందుకు జరిగిందన్న అహం వదలకూడదు. అందంగా ఓడిపోవడం కథానాయకుడికి ఇచ్చే కానుక. కాంతారావు ‘కత్తి కాంతారావు’ అయ్యాడంటే, అవతల కత్తి పట్టిన చేతులకూ అందులో భాగం ఉంది. వాటిలో రాజనాల చెయ్యి ముందుంటుంది.

మా సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఈ సినిమాలు టూరింగ్ టాకీసుల్లో ఆడేవి. ఇసుక మీద కూర్చుని చూసేవాళ్ళం. ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో రీలు రీలుకీ ఆట ఆగేది. ఆ విరామాల్లో పెద్దవాళ్ళు మాట్లాడుకునేది హీరో ఏం చేశాడని కాదు, రాజనాల తర్వాత ఏం చేయబోతాడని. తుమ్మలపెంట వైపునుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆయన్ని నోరారా తిట్టేవాళ్ళు. తెరమీద హీరో వెనకనుంచి ఆయన కత్తి దూస్తే, చూసుకోమని హీరోను కేకేసేవాళ్ళు. రేపు వేటకెళ్ళాల్సిన మనుషులు, సముద్రాన్ని రోజూ చూసేవాళ్ళు, ఒక కిరీటం పెట్టుకున్న మనిషికి అంతగా ఉడికిపోయారంటే అంతకన్నా పెద్ద బిరుదు ఏముంటుంది? ఆ తిట్లను పొగడ్తలుగా అప్పుడెవరూ లెక్కవేయలేదు. హీరోకు అభిమాన సంఘాలుండేవి. విలన్‌కు ప్రేక్షకులు మాత్రమే ఉండేవారు.

అవార్డుల సంగతీ అంతే. నంది అవార్డులు 1964లో మొదలైనా, నటుడికి విడిగా ఇవ్వడం 1977 నుంచి వచ్చింది. ప్రతినాయకుడికి ప్రత్యేకంగా ఇవ్వడం ఇంకా తర్వాతి మాట. అప్పటికి జానపదాల వెలుగు తగ్గిపోయింది. ఆయన మంచి పని చేసిన కాలంలో ఆ పనికి బహుమతి పెట్టినవాళ్ళే లేరు. బహుమతులు లేవు కాబట్టి గొప్ప నటుడు కాదనేవాళ్ళు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి.

ఎదుటివాళ్ళ అభ్యంతరాలకూ జవాబు చెప్పాలి. అతి చేస్తాడంటారు. నాటకంలో మైకు లేకుండా చివరి వరసకు వినపడాలని నేర్చిన గొంతు అది. పెద్ద కోట, పెద్ద కిరీటం, పెద్ద ప్రతిజ్ఞల మధ్య చిన్నగా మాట్లాడితే పాత్ర కనపడదు. కొలత కథను బట్టి ఉండాలి, ఆయనది కథకు సరిపడిన కొలతే. ఎప్పుడూ ఒకే మూస అంటారు. నిజమే, ఒకే మూస పాత్రలు ఆయనకు చాలా ఇచ్చారు, వాటిలో మామూలు సినిమాలూ ఉన్నాయి. ఆ నిజం ఒప్పుకుంటేనే మంచి వాటి గురించి మన మాటకు విలువ. ఎస్.వి. రంగారావు ముందు ఎవరు నిలుస్తారంటారు. నిలవక్కర్లేదు. 1951లో ‘పాతాళ భైరవి’ నేపాళ మాంత్రికుడితో రంగారావు వేసిన బాట వేరు, ఆయన విలన్‌లో లోతైన నిబ్బరం ఉంటుంది. రాజనాల విలన్‌లో ఆరాటం ఉంటుంది. ఒకరి ఎత్తు చూపడానికి ఇంకొకరిని గుంటలో నిలబెట్టడం అభిమానం కాదు. మా మేనకోడలు “హీరో బాగా చేశాడు” అని మొదలుపెట్టడంలో ఉన్న మర్యాద ఇదే.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రాజనాల చివరి రోజుల కష్టం, మధుమేహంతో కాలు పోవడం, 1998 మే 21న చెన్నైలో కన్నుమూయడం, ఇవన్నీ మనసును పట్టేసే సంగతులు. కాంతారావు సొంతంగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్న కథా అంతే. అభిమానులు చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. జాలి పుడుతుంది, నిట్టూరుస్తారు, ఎవరూ సినిమా చూడరు. నటుడి బాధ చెప్తే మనిషి గుర్తుంటాడు, పని గుర్తుండదు. మనం కాపాడాల్సింది ఆయన పని.

కావలిలో ఆయన పేరున ఏదైనా చేయాలనుకునేవాళ్ళకు నేను చెప్పేదొకటే. దండ వేసి, నాలుగు ప్రసంగాలు పెట్టి ఆపొద్దు. కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి ‘జగదేకవీరుని కథ’ వేయండి. ముందుగా ఆయన గొప్పవాడని చెప్పకండి. రాజు ఒక్కో పొగడ్త వింటున్నప్పుడు ముఖం ఎప్పుడు మారిందో రాయమనండి. అవసరమైతే ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూపించండి. చైనా నటుడి రెప్పపాటును పట్టుకోగలిగిన కళ్ళకు కావలి నటుడి ముఖం చదవడం కష్టం కాదు. వాళ్ళు రాసింది చదివి, తప్పనిపిస్తే వాదించండి. ఆ వాదనలోంచి ఆయనకు కొత్త అభిమానులు పుడతారు, ఆయన ఏం చేశాడో చెప్పగలిగిన అభిమానులు.