నిప్పుకా శిక్ష, అర్థానికా?

జాతీయ జెండాను తగలబెట్టడం అగౌరవమా, భావప్రకటనా? సాహిత్య సభల్లో ఈ ప్రశ్న లేచినప్పుడల్లా మనవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోతారు. ప్రశ్న వేసిన తీరులోనే లోపం ఉందని నా అభిప్రాయం. అగౌరవం కూడా ఒక భావమే. దాన్ని నలుగురిలో చూపితే అది ప్రకటనే. కాబట్టి ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన పని లేదు. ఆ భావానికి జవాబు జైలుతో చెప్పాలా, మాటతో చెప్పాలా అన్నదే తేల్చుకోవాలి.

ముందు చట్టాన్ని చూద్దాం. జాతీయ గౌరవానికి అవమానాలను నిరోధించే 1971 నాటి చట్టం ప్రకారం, బహిరంగంగా గాని, జనానికి కనిపించే చోట గాని జెండాను కాల్చినా, చించినా, తొక్కినా మూడేళ్లదాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రచయితలు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నోటిమాటతో గాని రాతతో గాని కించపరచినా ఆ శిక్షే. చట్టబద్ధమైన మార్పు కోరి చేసే విమర్శకు మాత్రం మినహాయింపు ఉంది. ఇక 2002 నాటి జెండా నియమావళి ఏమంటుంది? చిరిగి మాసిన జెండాను ఏకాంతంలో పూర్తిగా నాశనం చెయ్యాలి, అందుకు కాల్చడమే మేలైన పద్ధతి అంటుంది. గుడ్డ అదే, నిప్పు అదే. ఒకచోట మర్యాద, మరొకచోట నేరం. తేడా మంటలో లేదు, మంట చెప్పే మాటలో ఉంది. అంటే శిక్ష పడేది అర్థానికే.

జెండా ఎగరెయ్యడం భావప్రకటన హక్కులో భాగమని, చట్టం విధించిన పరిమితులకు లోబడి, మన సుప్రీంకోర్టే 2004లో నవీన్ జిందాల్ కేసులో చెప్పింది. ఎగరెయ్యడం ఒక మాట అయినప్పుడు కాల్చడం మాట కాకుండా ఎలా పోతుంది? అమెరికా సుప్రీంకోర్టు 1989లో, అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన తీర్పులో, జెండా కాల్చినవాడికి వేసిన శిక్ష చెల్లదన్నది. మన న్యాయస్థానాలు అంతదూరం పోలేదు.

అర్థం గుడ్డలోనే నేసి ఉండదనడానికి మా హుజూర్‌నగర్ ప్రాంతపు చరిత్రే సాక్ష్యం. 1947 ఆగస్టు 15 మా తాలూకాకు స్వాతంత్ర్య దినం కాలేదు. నిజాం రాజ్యంలో ఆనాడు మూడు రంగుల జెండా పట్టడమే నేరం. స్వామి రామానంద తీర్థను ఆ రోజే అరెస్టు చేశారు. సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరెయ్యడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగి పలువురు నేలకొరిగారు. ఆనాటి చట్టం కాపాడింది అసఫ్‌జాహీ జెండాను. మరుసటి సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్ల పీడ విరగడైంది. కాని దొరల భూములు పంచుకున్న రైతుకూలీల మీదికి నడిచింది కూడా ఆ సైన్యమే, ఆ జెండా కిందనే. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించేదాకా నల్లగొండ పల్లెలు నిర్బంధాన్ని చవిచూశాయి. నాలుగేళ్లలో ఒకే జెండాకు రెండు జ్ఞాపకాలు. ఇందులో ఏది అబద్ధం? రెండూ నిజమే. ఒకదాన్ని గౌరవమనీ, రెండోదాన్ని ద్రోహమనీ చట్టం పేరు పెట్టగలదేమో గాని, సాహిత్యం ఆ పని చెయ్యకూడదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పరకాలలో ప్రాణాలిచ్చినవాళ్ల బిడ్డలు ఆ మంటను చూసి ఏమనుకుంటారు? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. వాళ్ల బాధ పాలకవర్గాలు పుట్టించింది కాదు, సొంత రక్తం నుంచి వచ్చింది. జెండా కాల్చేవాడు ఆ బాధకు ముఖాముఖి జవాబు చెప్పుకోవాలి. అంతమాత్రాన జవాబు చెప్పవలసినవాణ్ణి జైల్లో పెడితే వాదం ముగియదు, వాయిదా పడుతుంది. పైగా పరకాల అమరులు ధిక్కరించింది కూడా ఒక జెండాకు ప్రభుత్వం కోరిన విధేయతనే.

మంట మనకు పరాయి భాష కాదు. 1921లో విదేశీ వస్త్రాలు కాల్చాం. 1927లో మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన మనుస్మృతిని దహనం చేశారు. 1955లో హిందీని రుద్దడానికి నిరసనగా ఆగస్టు 1న జాతీయ జెండాను కాల్చాలని పెరియార్ పిలుపునిచ్చారు. హిందీని రుద్దబోమని ముఖ్యమంత్రి కామరాజ్ హామీ ఇచ్చారు, పెరియార్ ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. జవాబు వచ్చింది, జెండా కాలలేదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, చట్టం చెయ్యలేని పని సంభాషణ చెయ్యగలదనడానికి.

అయితే రచయితగా నాకు మంట మీద ఒక ఫిర్యాదు ఉంది. అది ఒకే మాట అంటుంది: “కాదు”. ఎందుకు కాదో చెప్పదు, ఏది కావాలో చెప్పదు. ఆ లోటు తీర్చేది సాహిత్యం. దిగంబర కవి చెరబండరాజు ‘వందేమాతరం’ కవితనే తీసుకోండి. పూజాపీఠం మీది మాతృదేశ ప్రతిమను ఆయన నడివీధికి దింపాడు. స్తోత్రం పొగిడిన పచ్చదనానికీ, బిడ్డల ఆకలికీ మధ్య ఉన్న వైరుధ్యాన్ని అమ్మ ముందే పెట్టి నిలదీశాడు. భాష పరుషమే. కొందరికి అది దూషణగానే వినిపించింది. కాని అమ్మా అని పిలిచి నిలదీసేవాడు సంబంధాన్ని తెంచుకోవడం లేదు, హక్కును అడుగుతున్నాడు. ఒక జెండా కాలితే బూడిద మిగులుతుంది. ఆ కవిత చదివితే ప్రశ్న మిగులుతుంది. విమర్శకుడు చూడవలసిన విలువ భేదం ఇది. దీన్ని పోలీసు విచారణతో కలిపెయ్యకూడదు. మంట పేదమాట అనే హక్కు నాకుంది. ఆ మాట అన్నవాడి నోరు నొక్కమనే హక్కు నాకు లేదు.

2021 డిసెంబర్ 30న నియమావళిని సవరించి, మరనేత పాలియెస్టర్ జెండాకు అనుమతి ఇచ్చారు. చేతితో వడికిన నూలుతో, చేతిమగ్గం మీద పుట్టిన పతాకం అది. రాట్నానికీ మగ్గానికీ దాని మీద ఉన్న హక్కు ఇలా తేలికైనప్పుడు అవమానమని ఎవరి మీదా కేసు పెట్టలేదు. గౌరవం కొలిచే త్రాసు ఎవరి చేతిలో ఉందో విద్యార్థి మిత్రులు ఇక్కడ పోల్చుకోవచ్చు. జెండాకు నిజమైన గౌరవం దాని కింద బతికే మనిషికి దక్కే గౌరవమే. దాన్ని అడిగే గొంతు ఎంత కరుకుగా ఉన్నా సరే, వినడం రిపబ్లిక్ ధర్మం. వినిపించడం మన పని.