ముందే అయిపోయిన పిల్లలు

ఇంగ్లండ్‌లో ఏ ప్రైమరీ బడికి వెళ్లినా లెక్కల పీరియడ్ సగంలో ఒక చెయ్యి లేస్తుంది. "మిస్, అయిపోయింది!" పక్కవాళ్లు ఇంకా రెండో లెక్క దగ్గరే ఉంటారు. ఆ చెయ్యెత్తిన పిల్లకు ఇప్పుడు ఏమివ్వాలన్నది టీచరుకు రోజూ ఉండే చిక్కే. తేలిక దారి ఒకటుంది: అలాంటివే ఇంకో పది లెక్కలున్న వర్క్‌షీటు చేతిలో పెట్టడం. త్వరగా దింపేశాడని కూలీ నెత్తిన మరో మూట పెట్టడం లాంటిదే ఇది. నాలుగు వారాలు ఇలా గడిస్తే తెలివైన పిల్ల నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది.

'ఎర్లీ ఫినిషర్స్' అని అక్కడి టీచర్లు పిలుచుకునే ఈ పిల్లలకు తగిన పని తయారు చేయడం నిజానికి ఒక విద్య. పెద్దలు పక్కన కూర్చోకపోయినా నడవాలి, మొదటి మెట్టు అందరికీ అందాలి, చివరి మెట్టు మాత్రం ఎక్కడుందో వెంటనే కనిపించకూడదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1996లో మొదలైన 'ఎన్‌రిచ్' అనే గణిత పథకం చాలాకాలంగా చేస్తున్నది ఇదే. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. పిల్లలు తాము కనుక్కున్న పద్ధతిని రాసి పంపితే, మంచివాటిని ఎంచి ప్రచురిస్తారు కూడా.

వాళ్ల లెక్కల్లో 'మ్యాజిక్ వీ' అని ఒకటి ఉంది. ఇంగ్లిషు వీ అక్షరం ఆకారంలో ఐదు గళ్లు. 1 నుంచి 5 దాకా అంకెలను వాటిలో పేర్చాలి, రెండు చేతుల మొత్తం సమానంగా రావాలి. కింది గడి రెండు చేతులకూ ఉమ్మడి. ఏడేళ్ల పిల్ల కూడా ఐదు నిమిషాల్లో ఒక జవాబు పట్టేస్తుంది: కింద 1, ఒక చేతిలో 2, 5, రెండో చేతిలో 3, 4. సరిపోయింది. అసలు ఆట అక్కణ్నుంచి మొదలవుతుంది. కింద 3 పెట్టినా కుదురుతుంది, 5 పెట్టినా కుదురుతుంది. 2 పెడితే? ఎంత తిప్పినా కుదరదు. 4తోనూ అంతే. ఎందుకని? కింది గడి వదిలేస్తే మిగిలిన నాలుగు అంకెల మొత్తం రెండు సమభాగాలు కావాలి. అన్నీ కలిపితే 15 కాబట్టి, కింద సరిసంఖ్య కూర్చుంటే మిగిలేది బేసి, దాన్ని సగం చేయలేం. ఈ మాట పిల్ల తన నోటితో తాను అనేసరికి అరగంట పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు. 2 నుంచి 6 దాకా తీసుకుంటే కథ తిరగబడి, కింద సరిసంఖ్యే కావాల్సి వస్తుంది. ఏడు గళ్ల వీ గీసి 1 నుంచి 7 పెడితే ఏమవుతుందో ఇక్కడ చెప్పడం పాఠకుడికి అన్యాయం.

పది లెక్కల వర్క్‌షీటుకూ దీనికీ తేడా కష్టంలో లేదు. ఆ వర్క్‌షీటులో పదకొండో ప్రశ్న వేసుకునే చోటు ఉండదు, అంతే.

అయితే ఆ పదకొండో ప్రశ్న పుట్టాక పెద్దవాళ్లు ఏం చేస్తారు? దీనికి లెస్టర్‌షైర్‌లో నిజంగా జరిగిన ఉదంతం ఉంది. 1956లో టీనా నీగస్ అనే పదిహేనేళ్ల అమ్మాయి చార్న్‌వుడ్ ఫారెస్ట్‌లోని ఒక రాతి మీద ఆకు అచ్చులాంటిది చూసింది. బడిలో టీచరుకు చెప్పింది. ఆ రాళ్లు ప్రీకేంబ్రియన్ కాలం నాటివి, వాటిలో శిలాజాలు ఉండవు అన్నది ఆమెకు దొరికిన సమాధానం. నాటి పుస్తకాల ప్రకారం టీచరు మాట సరైనదే. మరుసటి ఏడాది అదే చోట రాళ్లెక్కడానికి వెళ్లిన రోజర్ మేసన్ అనే కుర్రాడి కంటా అదే పడింది. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాడు. వాళ్ల నాన్నకు లెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్రెవర్ ఫోర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త తెలుసు. ఫోర్డ్‌కూ నమ్మకం కలగలేదు, కానీ వెళ్లి చూశాడు. 1958లో ఆయన రాసిన పత్రంతో ఆ జీవికి చార్నియా మాసోని అనే పేరు వచ్చింది. ఈ రోజు లెక్క ప్రకారం దాని వయసు దాదాపు 56 కోట్ల ఏళ్లు. నీగస్ పేరు ఈ కథలో చేరడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఇద్దరూ హైస్కూలు వయసు వాళ్లే, చిన్నపిల్లలు కారు. అయినా ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఇంతకంటే సూటిగా తగిలే కథ దొరకదు. ఆ టీచరు చెప్పింది అబద్ధం కాదు. ఫోర్డ్ దగ్గర అంతకంటే మంచి జవాబేమీ లేదు కూడా. ఆయన బూట్లు తొడుక్కుని బయల్దేరాడు.

పిల్లల చేత స్వతంత్రంగా పని చేయించాలంటే నియమాలు తీసేయాలని కొందరనుకుంటారు. నిజానికి మంచి నియమం ఒక్కటి ఉంటే చాలు. పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ జనవరి చివరి వారాంతంలో జరిపే 'బిగ్ గార్డెన్ బర్డ్‌వాచ్' అలాంటిది. 1979లో ఇది పిల్లల కోసమే మొదలైంది. బీబీసీ పిల్లల కార్యక్రమం 'బ్లూ పీటర్'లో చెప్పేసరికి, కొన్ని వందలు వస్తాయనుకున్న చోట దాదాపు 34 వేల జవాబులు వచ్చి పడ్డాయి. ఒక గంట కిటికీ దగ్గరో, పార్కులోనో కూర్చోవాలి. పైన ఎగిరిపోయేవి లెక్కలోకి రావు, వాలినవే రాసుకోవాలి. గంటలో మొత్తం ఎన్ని వచ్చాయని కాకుండా, ఒక్కో జాతిలో ఒకేసారి కనిపించినవి ఎక్కువలో ఎక్కువ ఎన్ని అన్నది రాయాలి. ఎందుకు? ఇందాక వచ్చి వెళ్లిన రాబిన్ పిట్టే మళ్లీ వచ్చి ఉండొచ్చు కదా! ఈ చిన్న షరతులో గణాంక శాస్త్రపు మొదటి పాఠం ఉంది. ఎనిమిదేళ్ల పిల్లాడు దాన్ని పాఠమని తెలియకుండానే నేర్చుకుంటాడు. ఇలా పోగైన లెక్కల వల్లే బ్రిటన్ తోటల్లో ఊరపిచ్చుకలు 1979తో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోయాయని తెలిసింది. పిచ్చుకలు ఏమయ్యాయన్న బెంగ తెలుగు ఊళ్లలోనూ ఉన్నదే. అమ్మమ్మ వాళ్ల ఊరికి ఫోన్ చేసి "మీ ఇంటి ముందు ఇప్పుడు ఎన్ని వాలతాయి?" అని అడిగితే, ఆ గంట పని ఇంకో ఖండానికి పాకుతుంది.

తెలుగు ఇళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. స్లౌలోనో సట్టన్‌లోనో ఉండే మనవాళ్లకు 'ఇలవన్ ప్లస్' అన్న మాట వినగానే భుజాలు బిగుసుకుంటాయి. ఈ పరీక్ష పెట్టి పిల్లలను చేర్చుకునే ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లు ఇంగ్లండ్‌లో 163 మాత్రమే. ఇయర్ సిక్స్ మొదట్లో జరిగే ఆ పరీక్ష కోసం ఇయర్ ఫోర్ నుంచే శనివారాలు ట్యూషన్లకు పోతాయి. "నాన్నా, ఇంకా ఎన్ని పేజీలు?" అని పిల్ల అడుగుతుంది. ఆ తల్లిదండ్రులను ఎగతాళి చేయడం తేలిక, కానీ న్యాయం కాదు. ఫీజు లేని మంచి బడి అన్నది కొత్తగా వచ్చి స్థిరపడుతున్న కుటుంబానికి చిన్న విషయం కాదు. చిక్కల్లా ఏమిటంటే, గడియారం పెట్టి నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ఆ పుస్తకాలను కూడా ఇంట్లో, ముందే ముగించిన పిల్లలకిచ్చే 'ఎన్‌రిచ్‌మెంట్' లెక్కలోనే రాసుకుంటున్నారు. అది పరీక్షకు తయారీ. చేయండి, తప్పులేదు, కానీ దాన్ని ఆ పేరుతోనే పిలవండి.

లైబ్రరీల్లో 1999 నుంచి ప్రతి వేసవిలో నడుస్తున్న 'సమ్మర్ రీడింగ్ చాలెంజ్'నూ మనం ఇలాగే మార్చేస్తాం. నాలుగు నుంచి పదకొండేళ్ల పిల్లలు సెలవుల్లో తమకు నచ్చిన ఆరు పుస్తకాలు చదవడం అసలు ఉద్దేశం. బొమ్మల పుస్తకమైనా జోకుల పుస్తకమైనా సరే. మన ఇళ్లలో ఆ ఆరింటినీ ఎంచేది అమ్మానాన్నలే.

తెలుగు నేల మీద పిల్లలను సొంతంగా వెతకనిచ్చే ఈ సంప్రదాయం లేకపోలేదు. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో, బడుల్లో సైన్స్ సంబరాలతో దశాబ్దాలుగా ఈ పని చేస్తోంది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ ఊరి సమస్యనే పరిశోధన అంశంగా తీసుకుంటారు. అయితే అందులో చేరాలంటే పదేళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు నిజమైన పరిశోధన చేయగలరా?

చేశారు. డెవన్‌లో బ్లాకాటన్ అనే పల్లె ఉంది. అక్కడి ప్రైమరీ బడిలో ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలు పాతికమంది బంబుల్ బీల (తేనెటీగల వంటి పురుగుల) మీద చేసిన ప్రయోగాన్ని రాయల్ సొసైటీ వారి 'బయాలజీ లెటర్స్' పత్రిక 2010 డిసెంబరులో ప్రచురించింది. బో లోటో అనే నాడీశాస్త్రవేత్త, హెడ్మాస్టర్ డేవ్ స్ట్రడ్విక్ వెనక నిలబడ్డారు. ప్రతిభ పరీక్ష పెట్టి ఏరిన పిల్లలు కారు, ఆ ఊరి బడిలో ఉన్నవాళ్లే. లోటో ముందు వాళ్లతో ఆటలు ఆడించారు, తరువాత ఆటలు తయారు చేయించారు. బీలకూ ఒక పజిల్ పెడితే పరిష్కరిస్తాయా అన్న ప్రశ్న అందులోంచి వచ్చింది.

ఊరి పాత చర్చిలో ప్రయోగశాల వెలిసింది. అద్దాల పెట్టెలో నాలుగు పలకలు, ఒక్కో పలకలో పదహారు రంగు వలయాలు, అవే పూలు. రెండు పలకల్లో చుట్టూ పన్నెండు పసుపు, మధ్యలో నాలుగు నీలం. మిగతా రెండింటిలో తలకిందులు. మధ్య పూలలో చక్కెర నీళ్లు, చుట్టూ ఉన్నవాటిలో ఉప్పు నీళ్లు. అంటే రంగు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే నాలుగింట మూడుసార్లు నోరు ఉప్పగా అయిపోతుంది. ఏ బీ ఏదో తెలియడానికి వాటి ఒంటి మీద రంగు చుక్కలు పెట్టాలి, అందుకు కదలకుండా ఉండాలి, అందుకని బడి ఫ్రిజ్‌లో కాసేపు చల్లబరిచారు. శిక్షణ అయ్యాక తీపి తీసేసి చూస్తే, బీలు దాదాపు ఎప్పుడూ మధ్య పూల మీదకే వెళ్లాయి. పిల్లలు అక్కడితో తృప్తిపడలేదు. ఊరికే 'మధ్యకు పో' అన్న సూత్రం బట్టీ పట్టాయేమో? మధ్యలో ఆకుపచ్చ పెట్టి చూశారు. ఆ సూత్రమే అయితే ఆకుపచ్చ మీదా అంతే జోరుగా వాలాలి. వాలలేదు. అంటే బీలు రంగునూ, ఆ రంగు చుట్టూ ఏముందన్నదాన్నీ కలిపి చూస్తున్నాయి. పైగా అన్ని బీలూ ఒకే దారి పట్టలేదు, దేని ఎత్తుగడ దానిది.

పత్రం కూడా పిల్లల మాటల్లోనే ఉంది. బొమ్మలు రంగు పెన్సిళ్లతో గీసినవి. పాత పరిశోధనల జాబితా లేదు, ఎందుకంటే అవి ఆ వయసువాళ్లు చదవగలిగే భాషలో లేవు, వాళ్ల ప్రశ్న వాటిలోంచి పుట్టిందీ కాదు. ప్రయోగానికి నాలుగు నెలలు పడితే, అచ్చు కావడానికి రెండేళ్లు పట్టిందని లోటో తరువాత చెప్పారు. ఇంకో సంగతి: స్వతంత్రం అంటే పిల్లలను ఒంటరిగా వదిలేయడం అనుకునేవారు ఇక్కడ ఆగి చూడాలి. పెట్టె, బీలు, రక్షణ దుస్తులు, చర్చి అన్నీ పెద్దలు సమకూర్చినవే. పిల్లలకు వదిలింది ప్రశ్న, పద్ధతి, తీర్పు. మామూలుగా మనం ఇచ్చేది దీనికి సరిగ్గా తలకిందులు. ప్రశ్న మనం చెబుతాం, సామాను మాత్రం వాళ్లనే వెతుక్కోమంటాం.

ఇద్దరు నిపుణులు ఆ పత్రానికి తోడుగా ఒక వ్యాఖ్య రాశారు. గణాంక విశ్లేషణ లేదన్న లోపాన్ని దాచకుండానే ప్రయోగాన్ని మెచ్చుకున్నారు. తొమ్మిదేళ్ల పిల్ల ఇంట్లో ఉంటే ఆ పత్రాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవొచ్చు. పరీక్ష పెట్టిన బీలు కొన్నే కదా, ఇన్ని తక్కువతో ఎలా నమ్మేది అని పిల్ల అడిగే అవకాశం ఉంది. వెంటనే సర్దిచెప్పబోకుండా, మరి ఎన్నిటితో చేస్తే నమ్ముతావని నాన్న ఎదురు అడిగితే, ఆ సాయంత్రం ఇలవన్ ప్లస్ పుస్తకం తెరవడం కుదరకపోవచ్చు.