వెంట్రుకంత గోడ, వెయ్యి డిగ్రీల వేడి

పనితనం అంటే అదీ! 2019 అక్టోబరులో అమెరికాలోని కొలరాడోలో జరిగిన పరీక్ష గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ధ్వనికి ఐదు రెట్ల వేగంతో ఎగిరే విమానం ఇంజిన్‌లోకి చొరబడే గాలి ఎంత కాగుతుందో అంత, అంటే సుమారు వెయ్యి డిగ్రీల వేడిగాలిని, బ్రిటన్‌కు చెందిన రియాక్షన్ ఇంజిన్స్ వారి ప్రీకూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ముందే చల్లార్చే పరికరం) సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా చల్లార్చేసింది. అందులో ఉన్నవి వేలాది సన్నని గొట్టాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరు లావు, గోడ తల వెంట్రుక కంటే పలుచన. అలాన్ బాండ్, రిచర్డ్ వార్విల్, జాన్ స్కాట్-స్కాట్ 1989లో ఆ సంస్థను పెట్టారు.

చిన్న గొట్టానికి అంత సత్తా ఎక్కడిది? ప్రవాహం సుడులు లేకుండా పొరలుగా సాగితే, వ్యాసం పదో వంతుకు తగ్గినప్పుడు గోడ నుంచి ద్రవానికి వేడి పదింతలు చురుగ్గా అందుతుంది. అదే ఘనపరిమాణంలో గోడ వైశాల్యమూ పదింతలవుతుంది. రెండూ కలిస్తే వందరెట్లు! పీడనం మాటేమిటంటారా? ఒక లావు గొట్టానికి బదులు వంద సన్నవి పక్కపక్కన పెట్టండి, పొడవును నూరో వంతుకు కుదించండి. లెక్క ప్రకారం పీడన నష్టం పెరగనే పెరగదు.

అసలు విద్య ఆ తర్వాతే. గొట్టం పొట్టిదైతే వేడి గోడ లోహం వెంబడే ఈ కొస నుంచి ఆ కొసకు పాకి, చేసిన పనిని చెడగొడుతుంది. అందుకే గోడ పలుచన కావాలి. వేడిని ఇట్టే మోసుకెళ్లే రాగి కంటే స్టెయిన్‌లెస్ స్టీలు, ఇన్‌కొనెల్ అనే నికెల్ మిశ్రలోహం ఇక్కడ మేలు. ఇక కొలత: ఒక గొట్టం పది శాతం లావైతే చాలు, పక్కదాని కంటే 46 శాతం ఎక్కువ ప్రవాహం మింగేస్తుంది. వేల గొట్టాలను ఒకే కొలతకు తెచ్చి, ఒక్క అతుకూ కారకుండా బ్రేజింగ్‌తో (కరిగించిన పూరక లోహంతో) అతికిన చేతులకు దండం పెట్టాలి.

ఒళ్లు మండేది ‘మైక్రో’ అని అట్టమీద అచ్చేసి అమ్మే సరుకును చూసినప్పుడు. కొలత సమం కాదు, ప్రవాహం సమంగా పంపిణీ కాదు, పేరు మాత్రం ఘనం. పరిశోధకులూ తక్కువ తినలేదు. సన్న గొట్టాల్లో పాత సూత్రాలు చెల్లవని 1990లలో కొందరు హడావుడి చేశారు. తర్వాత చూస్తే వాళ్లు చూపిన తేడాల్లో చాలావాటికి కారణం గరుకుదనం, వ్యాసం కొలతలో పొరపాటు, గోడ వెంట పాకిన వేడి! వాయువులు అతి సూక్ష్మ గొట్టాల్లో గోడను జారిపోవడం నిజమే. మిల్లీమీటరు గొట్టంలో మామూలు గాలికి ఆ మాట వర్తించదు.

ఇంతటి విద్యను నిలబెట్టిన రియాక్షన్ ఇంజిన్స్ సంస్థ 2024 అక్టోబరు చివర డబ్బు చాలక దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఓడింది భౌతికశాస్త్రం కాదు, ఓపిక లేని పెట్టుబడి. మన ఇంజనీరింగ్ కాలేజీలకు నా విన్నపం ఒక్కటే: పిల్లలచేత సూత్రాలు వల్లె వేయించడంతో ఆగకండి, మిల్లీమీటరు గొట్టాన్ని కొలవడం, అతకడం నేర్పండి. ఈ విద్య పుస్తకాల్లో కాదు, చేతుల్లో బతుకుతుంది.