పేరు ముందా, చెట్టు ముందా

నెల రోజులుగా దుబాయ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వాళ్ళ ఇల్లు మిర్దిఫ్‌లో. అక్కణ్ణుంచి ఎడారి వైపు కొంచెం దూరం వెళితే, ఖవానీజ్ రోడ్డు మీద ముష్రిఫ్ పార్కు వస్తుంది. అల్లుడు ఆఫీసుకు వెళ్తూ పొద్దున్నే నన్ను గేటు దగ్గర దింపుతాడు. అమ్మాయి పిల్లను బడిలో వదిలి, ఇంటిపని కొంత చక్కబెట్టుకుని వచ్చి నన్ను ఎక్కించుకుంటుంది. మధ్యలో దొరికే గంటన్నర నాది.

మొదటిసారి బయల్దేరుతుంటే పక్కింటావిడ, "అక్కడేముందండీ, ముళ్ళచెట్లూ ఇసుకా తప్ప" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత పట్టుదల తెలుసు. "ముళ్ళచెట్టు" అనేది పేరు కాదు. కానుగల మీద రాసినప్పుడూ, రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన చింతల మీద రాసినప్పుడూ ఇదే చెప్పాను. పేరు తెలియని చెట్టును నరకడం తేలిక. పేరు తెలిస్తే గొడ్డలి ఎత్తిన చెయ్యి ఒక్క క్షణమైనా ఆగుతుంది. పొద్దున నడకకు వెళ్ళేవాళ్ళు చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకునే బదులు రోజుకొక చెట్టు పేరు నేర్చుకోండి, ఏడాది తిరిగేసరికి ఊరంతా చుట్టాలవుతారు అని ఎన్నిసార్లు రాశానో.

ముష్రిఫ్ దుబాయ్ పాత పార్కుల్లో ఒకటి. విస్తీర్ణం సుమారు 5 చదరపు కిలోమీటర్లు. గేటు దగ్గర పచ్చిక, ఉయ్యాలలు, కార్లు ఆపుకునే చోట్లు. సెలవు రోజుల్లో కుటుంబాలొచ్చి బొగ్గుల మీద మాంసం కాల్చుకుంటాయి. పనిదినాల పొద్దున్నలు మాత్రం ఖాళీ. పచ్చిక దాటి పది నిమిషాలు నడిస్తే తోటపని ఆగిపోతుంది, అడివి మొదలవుతుంది. అడివంటే మన ఆమ్రాబాద్ లాంటిది కాదు. ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ మధ్య ఒక ఇల్లు కట్టుకునేంత జాగా. ఆ జాగాలో ఎర్రటి ఇసుక. చలికాలం కదా, కొన్ని పొద్దున్నలు పొగమంచు కమ్ముతుంది. అప్పుడు ఒక్కో చెట్టు వంతు పెట్టుకున్నట్టు బయటికొస్తుంది.

ఆ చెట్లకు మొదటి చూపులోనే పేరు పెట్టేశాను: సర్కారు తుమ్మ. సన్నటి ఆకు, ముళ్ళు, నీళ్ళు లేని నేల. ఇంకేముంటుంది అనుకున్నాను. ఆ అమెరికా చెట్టు ఈ దేశంలోనూ అల్లుకుపోయిన మాట నిజమే. మన చెరువుల్ని, బీళ్ళను అది ఎట్లా మింగిందో చూసినదాన్ని కాబట్టి దాని మీద నాకు ప్రేమ లేదు. నాలుగు రోజులు వాటి మధ్య నుంచే నడిచాను. కౌజుపిట్టల అరుపు విన్నాను, ఇసుక మీద పురుగులు రాత్రంతా నడిచిన జాడలు చూశాను, బట్ట అంచుకు వేసిన కుట్టులా ఉన్నాయవి. చెట్లను మాత్రం చూడలేదు. పేరు తెలిసిపోయింది కదా.

అయిదో రోజు ఒక కొమ్మ మీది నుంచి నీలి మంట లేచినట్టు ఒక పిట్ట ఎగిరి, పక్క చెట్టు మీద వాలింది. పాలపిట్ట. దసరానాడు దాన్ని చూడాలని మా ఊళ్ళో పొలాల వెంట తిరిగేవాళ్ళం. ఇక్కడ దానికి పండుగతో పనిలేదు, ఏడాది పొడుగునా ఉంటుంది. దాన్నే చూస్తూ చెట్టు కిందికి వెళ్ళాను. మానుకు ఒక చిన్న పలక. అరబ్బీలో, ఇంగ్లీషులో 'గాఫ్' అని ఉంది. దాని కింద శాస్త్రీయ నామం: ప్రొసోపిస్ సినరేరియా.

ఆ రెండు మాటలు నాకు కంఠతా వచ్చు. 2014లో తెలంగాణ తన గుర్తులు ఎంచుకున్నప్పుడు పాలపిట్ట, జింక, తంగేడు పువ్వు, జమ్మి చెట్టు నాలుగింటి మీదా వరుసగా నాలుగు వారాలు రాశాను. అందులో జమ్మికి రాసిన శాస్త్రీయ నామం ఇదే. మా రాష్ట్ర పక్షి మా రాష్ట్ర వృక్షం మీద కూర్చుని నా ముందు ఉంది. నేను నాలుగు రోజులుగా దాన్ని సర్కారు తుమ్మ అనుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోతున్నాను.

అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాను. చిన్నాయిన గుర్తొచ్చాడు.

మాది జగిత్యాల దగ్గర ఊరు. మా చిన్నాయిన 1983లో దుబాయ్ వెళ్ళాడు. అప్పుడు ఫోన్లు లేవు, ఉత్తరం రాయడం ఆయనకు అంతగా రాదు. ఊరికి ఎవరైనా వస్తుంటే మాటలు రికార్డు చేసిన క్యాసెట్ పంపేవాడు. మా ఇంట్లో బాపు మంచం మీద టేప్ రికార్డర్ పెట్టేవాడు, అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. బాపమ్మ మాత్రం దానికి ఎదురుగా, మనిషికి ఎదురుగా కూర్చున్నట్టే కూర్చుని, ఆయన "మంచిగున్నవా అవ్వా" అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అని జవాబు చెప్పేది.

మొదటి దసరాకు బాపమ్మ నాతో ఒక ఉత్తరం రాయించి, అందులో జమ్మి ఆకు పెట్టించింది. మా దిక్కు పండుగనాడు జమ్మి ఆకే బంగారం. పొద్దుగూకే వేళ ఊరి బయట జమ్మి దగ్గరికి అందరూ వెళ్తారు, చుట్టూ తిరుగుతారు, ఆకు తెంపుకుని వస్తారు. చిన్నవాళ్ళు పెద్దల చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు మొక్కుతారు, ఈడువాళ్ళు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. బంగారం సంపాదించడానికి పోయిన కొడుక్కి తల్లి పంపిన బంగారం అది.

కొన్ని నెలలకు క్యాసెట్ వచ్చింది. అందులో చిన్నాయిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "అవ్వా, ఆకు అందింది. ఇంకోసారి పంపకు, ఖర్చు ఎందుకు. ఈడ గూడ జమ్మి ఉన్నది. మా క్యాంపు ఎనుకనే. పగటీలి దాని కిందనే బువ్వ తింటున్నం."

ఎవరమూ నమ్మలేదు. "ఎడారిల జమ్మి ఎక్కడిదిరా" అని బాపు నవ్వాడు. బాపమ్మ ఏడ్చింది. తను దిగులు పడకూడదని కొడుకు అబద్ధమాడుతున్నాడని ఆమె నమ్మకం. నేనప్పుడు ఇంటర్ బైపీసీ. చదువుకున్న పిల్లనని నన్నడిగారు. ఎడారిలో ఖర్జూరాలు తప్ప ఉండవని పుస్తకం చదివినట్టు చెప్పాను. నా మాటతో ఆ సంగతి ముగిసిపోయింది. ఆయన ఉన్న పదమూడేళ్ళూ బాపమ్మ దసరా దసరాకు కవరులో ఆకు పంపుతూనే ఉంది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ చెట్టు మాట ఎత్తలేదు. తిరిగొచ్చాక నేనూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఆయన ప్రొసోపిస్ అనే మాట వినలేదు. ఏ పలకా చదవలేదు. చదివినా అక్కడున్నది గాఫ్ అనే అరబ్బీ మాట. మరి ఎట్లా గుర్తుపట్టాడు? చిన్నప్పటినుంచీ మేకలకు ఆ రొట్ట కొట్టిన చేతులు ఆయనవి. నాకు తెలిసిన జమ్మి వేరు. ఏడాదికి ఒక్క సాయంత్రం, మసక వెలుతురులో, జనం మధ్య, కొమ్మలన్నీ తెంపేసిన చెట్టు అది. దాని నిండు ఆకారం నేను ఎన్నడూ చూడనే లేదు. ముష్రిఫ్‌లో చూశాను, చూసి పోల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చాక అల్లుడు చెప్పాడు, 2008 నుంచి ఇది ఈ దేశపు జాతీయ వృక్షమట. 2019ని వీళ్ళు సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు గుర్తుగా పెట్టుకున్నది కూడా దీన్నే. బహ్రెయిన్ ఎడారిలో ఒంటరిగా సుమారు 400 ఏళ్ళుగా నిలబడిన 'జీవవృక్షం' జమ్మే. రాజస్థాన్ ఖేజ్రీ జమ్మే. విరాటుని కొలువుకు వెళ్తూ పాండవులు ఆయుధాలు దాచిన శమీ కూడా ఇదే. వాళ్ళు కంకుభట్టు, వలలుడు అని పేర్లు మార్చుకున్నట్టు, మన జమ్మి గాఫ్ అని పేరు మార్చుకుని ఇక్కడ అజ్ఞాతవాసం చేస్తున్నదని ఆ రాత్రి కాలమ్‌కు మొదటి వాక్యం కూడా రాసుకున్నాను.

పొద్దున్నే దాన్ని కొట్టేశాను. అజ్ఞాతవాసం ఏమిటి? ఈ చెట్టు ఎవరి దగ్గరా దాక్కోలేదు. అరేబియా నుంచి ఇరాన్, పాకిస్తాన్ మీదుగా మన దక్కను దాకా ఈ నేలలన్నీ దాని పుట్టిల్లే. ఇక్కడి బెదూయిన్లు దీని నీడలో కూర్చుని పంచాయితీలు చేసుకున్నారు, ఒంటెలకు దీని ఆకు మేపారు, లేత ఆకు తామూ తిన్నారు. చిన్నాయిన "మన జమ్మి" అనలేదు. "ఈడ గూడ" అన్నాడు. ఆ రెండు మాటల్లో ఉన్న కచ్చితత్వం నా వాక్యంలో లేదు.

ఆ రోజు నడక ఇంకొక పాఠం చెప్పింది. ప్రతి జమ్మికీ దండం పెట్టుకుంటూ, బాపమ్మను తలచుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ తిరిగాను. గేటు దగ్గరికొచ్చి అమ్మాయి కోసం ఎదురుచూస్తుంటే తెలిసింది: చెట్టు పూసి ఉందా లేదా అంటే చెప్పలేను. తప్పు పేరు నాలుగు రోజులు నా కళ్ళు మూసింది. సరైన పేరు ఆరో రోజు మూసింది.

1730లో జోధ్‌పుర్ దగ్గర ఖేజడ్లీలో, రాజుగారి కోట పనికి సున్నం కాల్చడానికి ఈ చెట్లనే కొట్టబోతే అమృతాదేవి అడ్డుపడింది. ఆమెతో మొదలై 363 మంది బిష్ణోయిలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. పేరు తెలిస్తే గొడ్డలి ఆగుతుందని రాసినప్పుడల్లా ఈ కథనే చెప్తూ వచ్చాను. నా కథ నేనే సరిగ్గా వినలేదు. వాళ్ళు చేతులు చుట్టింది పేరుకు కాదు, బెరడుకు. దాని ఆకు తమ పశువులకు, దాని కాయ తమ కూరకు ఎన్ని కరువుల్లో ఆదుకుందో వాళ్ళ ఒంటికి తెలుసు. పేరు ఆ ఎరుకకు చివర కట్టిన ముడి. ముడి ఒక్కటే చేతిలో పెడితే దారం వచ్చినట్టు కాదు. ఇన్నేళ్ళూ మీకు ముడులు పంచుతూ వచ్చాను.

అందుకే తర్వాతి నడకలు పొట్టివి చేసుకున్నాను. గంటన్నరలో మూడు చెట్లు. బెరడు నిలువునా పగిలి, బూడిద రంగులో, అరిచేతికి గరుకుగా తగులుతుంది. కొమ్మల కొసలు కిందికి వాలి ఉంటాయి, లోపలికి వెళ్ళాలంటే వంగాలి. కింద ఇసుక రంగు వేరు. రాలిన చిన్ని ఆకులు కలిసి నల్లబడి, వేలు పెడితే చల్లగా ఉంటుంది. నీళ్ళ కోసం వేర్లు 30 మీటర్ల లోతుకు కూడా పోతాయంటారు. నేను నిలబడిన చోట చెట్టు పైన ఎంత ఉందో దానికి మించి కింద ఉండొచ్చు. పైన విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. మా దిక్కు పిల్లలు వాటిలో ఇంకా వస్తూనే ఉన్నారు.

శనివారం బడి లేదు. ఏడేళ్ళ మనవరాలు నా వెంట వచ్చింది. మామూలుగా అయితే గేటు దాటకముందే పేరు చెప్పేసేదాన్ని, పాండవుల కథ మొదలుపెట్టేదాన్ని. ఈసారి నోరు కట్టుకున్నాను. ఒక వాలిన కొమ్మ అందించి, "ఎట్లా ఉందో చూసి చెప్పు" అన్నాను.

కొమ్మను ఇటూ అటూ తిప్పి చాలాసేపు చూసింది. "అమ్మమ్మా, ముళ్ళు ఆకు దగ్గర లేవు. మధ్యలో ఉన్నాయి, ఎక్కడ పడితే అక్కడ" అంది.

వంగి చూశాను. నిజమే. సర్కారు తుమ్మకు కణుపు దగ్గర జంటగా ముళ్ళుంటాయి. దీనికి కణుపుకూ కణుపుకూ నడుమ విడివిడిగా ఉన్నాయి. రెండింటినీ వేరు చేసే గుర్తు అదే. మొదటి రోజు ఒక్క నిమిషం ఇట్లా కొమ్మ పట్టుకుని ఉంటే నాకూ దొరికేది.

"దీని పేరేంటి?" అని అడిగింది.

"ఇంకా ఏమేం ఉన్నాయో చూడు. పేరు ఇంటికెళ్ళేటప్పుడు చెప్తాను" అన్నాను. అది మళ్ళీ కొమ్మ మీదికి వంగింది. నేనూ పక్కన కూర్చున్నాను.