లొట్టి మూతి మీది నురుగు

నల్లగొండ దిక్కు కల్లు మండువ కాడ రేక పట్టుకొని కూర్చున్నవాళ్లు ముందుగా లొట్టి మూతి చూస్తారు. తెల్లగా, సన్నగా నురుగు పొంగుతుంటే ఆ చెట్టు గీసినాయనకు మెప్పు దక్కుతుంది.

గెల కొస నుంచి ఊరేటప్పుడు కల్లు వట్టి తియ్యటి నీరే. లొట్టి గోడలకంటిన నిన్నటి మడ్డిలోని ఈస్టు చక్కెర మీద పడగానే బొగ్గుపులుసు వాయువు బుసబుసా పైకి తన్నుతుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే ఈ పొంగు లేవదు. అలా పొంగని నీరే నీరా. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద సర్కారు నీరా కేఫ్ తెరిచింది. ఆరోగ్యానికి మంచిదంటారు, సరే. నాకైతే నురుగు లేనిది చప్పగా తోస్తుంది.

పనితనమంతా కత్తిలో ఉంది. పోతుతాడుకైతే గెలలను కట్టగట్టి, నలిపి, కొన్నాళ్లు మచ్చిక చేయాలి. ఆ తర్వాత పొద్దున ఒకసారి, మాపున ఒకసారి గీత. మందంగా గీస్తే గెల తొందరగా అరిగిపోతుంది. మరీ పైపైన గీస్తే ఆరిన పొర పోదు, ధార కట్టదు. ఉల్లిపొరంత లేవాలి, అంతే. ఈతచెట్టుకు గాటు మొవ్వకు దగ్గర్లోనే పడుతుంది. చెయ్యి లోతుకు పోతే చెట్టే పోతుంది. ఇదంతా నడుముకు మోకు, కాళ్లకు గుజి తగిలించుకొని, కాళ్ల కింద నేల లేనిచోట చేసే పని. 2024 జులైలో గీసేవాళ్లు కొలిచే దేవుడు కాటమయ్య పేరు మీద రక్షణ కిట్లు ఇవ్వడం మొదలైంది. ఎన్నో ప్రాణాలు పోయినంక వచ్చాయి.

చాకిరీతో అలసిపోయినవాణ్ణి నురుగులు కక్కిండంటాం. ఇట్టే చల్లారే కోపాన్ని పాలపొంగంటాం. మండువలో ఈ రెండు అర్థాలూ ఒకే లొట్టిలో కనిపిస్తాయి: పైన పొంగేది కాసేపే, దాని వెనక చాకిరీ మాత్రం రోజూ రెండు పూటలా.

నురుగును నమ్మి మోసపోయినవాళ్లూ ఉన్నారు. పాలమూరు పట్టణాల్లో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన మందుకల్లు చాలాకాలం నడిచింది. 2015లో సర్కారు దాడులు ముదిరి అది దొరక్కపోయేసరికి, అలవాటుపడ్డవాళ్లు వణుకుతో, పిచ్చిచూపులతో ఆస్పత్రుల పాలయ్యారు. ఆ మందుకల్లు సీసాల మీదా నురుగుండేది. చెట్టు కల్లు నురుగుకు ఆయుష్షు తక్కువ. చక్కెర అయిపోతే పొంగు దిగి పులుపు మిగులుతుంది. అందుకే తెలిసినవాళ్లు దుకాణం మొహం చూడరు, పొద్దున్నే చెట్టు కిందికే పోతారు.