ప్రమాణం చేతులు మారే పద్ధతి

వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌కు ఇప్పటివరకు మూడు సంస్థలు బాధ్యత వహించాయి. మొదటి రెండింటి మధ్య అప్పగింత ఒక్క చిన్న పత్రంతో ముగిసింది. తర్వాతిది తేలడానికి ఏళ్లు పట్టింది.

1995 నవంబరులో హెచ్‌టీఎంఎల్ 2.0ను ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్, ఆర్‌ఎఫ్‌సీ అనే నంబరు పత్రాల వరుసలో 1866గా ప్రచురించింది. ఆ మరుసటి ఏడాదే అక్కడి వర్కింగ్ గ్రూప్ మూతబడింది. 1997 జనవరిలో 3.2, డిసెంబరులో 4.0 వెర్షన్లను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ తెచ్చింది. పని అలా చేతులు మారినా, రికార్డుల్లో ఐఈటీఎఫ్ పాత పత్రాలే చెల్లుబాటులో కొనసాగాయి.

2000 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2854 ఆ లెక్క సరిచేసింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరైన డాన్ కానలీ, టిమ్ బర్నర్స్-లీతో కలిసి 1866ను రాసినవారే. 2854లో హెచ్‌టీఎంఎల్ చరిత్ర క్లుప్తంగా ఉంది. అసలు నిర్వచనం కోసం డబ్ల్యూ3సీ పత్రాలు చూడమంటుంది. మార్పులు చేసే హక్కు ఎవరిదో పేరుపెట్టి చెబుతుంది. 1866తో పాటు ఫైల్ అప్‌లోడ్, టేబుళ్లు, ఇమేజ్ మ్యాపులు, బహుభాషా వాడకాలపై ఉన్న మరో నాలుగు పత్రాలకు కాలం చెల్లిందని ప్రకటిస్తుంది.

పత్రం రద్దయితే అందులోని విషయం పోవాలని లేదు. 1866 నిర్వచించిన అక్షరాల పట్టికలో 256 స్థానాలే ఉండేవి. తెలుగుకు చోటు లేదు. బహుభాషా పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 2070 ఆ పట్టికను యూనికోడ్ స్థాయికి పెంచింది. 4.0 దాన్ని తనలో కలుపుకుంది. పేజీలో అ అని రాస్తే తెరపై 'అ' కనిపించడం ఆ నియమం ఫలితమే. 2070 పక్కకు తప్పుకుంది, నియమం నిలిచింది.

రెండో మార్పు ఇంత సాఫీగా జరగలేదు. డబ్ల్యూ3సీ ఎక్స్‌ఎంఎల్ నియమాలపై నడిచే ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వైపు మొగ్గడంతో 2004లో బ్రౌజర్ తయారీదారులు ఆపిల్, మొజిల్లా, ఒపెరా కలిసి వాట్‌డబ్ల్యూజీ అనే బృందాన్ని ఏర్పాటు చేశాయి. 2007లో డబ్ల్యూ3సీ ఆ పనినే హెచ్‌టీఎంఎల్5కు పునాదిగా తీసుకుంది. కొన్నేళ్లు కలిసి నడిచాక 2012లో దారులు వేరయ్యాయి. వాట్‌డబ్ల్యూజీ వెర్షన్ నంబర్లు లేకుండా ఎప్పటికప్పుడు సవరించే ఒకే ప్రమాణాన్ని నడిపింది. డబ్ల్యూ3సీ 2014లో 5ను, తర్వాత 5.1, 5.2లను విడుదల చేసింది. ఒక ఒరలో రెండు కత్తులన్నట్టు, ఒకే పేరుతో రెండు పాఠాలు తయారై వాటి మధ్య తేడాలు పెరిగాయి. ఏది చూసి రాయాలో తేల్చుకోవడం బ్రౌజర్ తయారీదారుల వంతయింది.

2019 మే 28న రెండు సంస్థలూ అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం హెచ్‌టీఎంఎల్ రచన, పేజీ నిర్మాణాన్ని ప్రోగ్రాములకు అందించే డామ్ ప్రమాణ రచన వాట్‌డబ్ల్యూజీలోనే సాగాలి. డబ్ల్యూ3సీ తన సూచనలు అక్కడికే పంపి, సమీక్ష ప్రతులను పరిశీలించి ఆమోదముద్ర వేయాలి. అలా తొలి హెచ్‌టీఎంఎల్ ప్రతికి 2021 జనవరిలో ఆమోదం లభించింది.

కొత్తవారు పని మొదలుపెట్టినంత మాత్రాన బాధ్యత మారినట్టు కాదు. మార్చే హక్కు ఎవరిదో, ఏ పాత ప్రతి చెల్లదో రాతపూర్వకంగా ఉండాలి. మొదటి అప్పగింతలో ఆ పని ఇచ్చినవారి పత్రమే చేసింది. రెండోదానికి ఒప్పందం అవసరమైంది. ఆర్‌ఎఫ్‌సీని ఒకసారి ప్రచురించాక అందులోని విషయం మార్చరు. అందుకే 1866 ఇప్పటికీ యథాతథంగా చదవడానికి దొరుకుతుంది. దాని స్థితి మాత్రం 'చారిత్రకం'.