దొంగ ఏ భాషలో మాట్లాడాలి?

హబీబ్ తన్వీర్ 'చరణ్‌దాస్ చోర్'కు మూలం విజయదాన్ దేథా చెప్పిన రాజస్థానీ జానపద కథ. 1975లో శ్యామ్ బెనెగల్ దీన్నే పిల్లల సినిమాగా తీశారు.

దొంగ తమాషాకు గురువు ముందు నాలుగు ఒట్లు పెడతాడు: బంగారు పళ్లెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్లాడను, రాజ్యమిచ్చినా ఏలను. దొంగకు ఇవన్నీ ఎవరిస్తారని నవ్వొస్తుంది. గురువు ఐదోది కలుపుతాడు: అబద్ధమాడకు. దొంగతనం మాత్రం మానడు! ఖజానాలో ఐదు మొహరీలే తీస్తాడు. గుమస్తా ఇంకో ఐదు నొక్కేసి, పది పోయాయంటాడు. డిపోలో తూకం చూసిన మన పిల్లలకు ఈ హాస్యం విప్పి చెప్పక్కర్లేదు.

చివరికి రాణి అవన్నీ ఇవ్వజూపుతుంది. కాదంటాడు. పోనీ, ఈ సంగతి బయట చెప్పకు అంటుంది. దానికీ ఒప్పుకోడు. చంపిస్తుంది. పిల్లల నాటకంలో చావెందుకు, ముగింపు మార్చమనే వాళ్లతో మేము ఏకీభవించం. మారిస్తే బడి గోడమీది సూక్తి ఒకటి మిగులుతుంది, అంతే.

తన్వీర్ మొదట్లో నాచా కళాకారుల చేత హిందీ పలికిస్తే వాళ్లు బిగుసుకుపోయారు. ఛత్తీస్‌గఢీలో వదిలాకే ఆట కదిలింది. రాణిగా ఫిదాబాయి మర్కామ్ నిలిచింది. (సినిమాలో మాత్రం స్మితా పాటిల్.) 1982లో ఎడిన్‌బరోలో బహుమతి గెలిచిందీ ఆ భాషతోనే. మన ఆశ్రమ పాఠశాలల్లో ఆడించే టీచర్లకు మా మాట ఒకటే: గుమస్తా తెలుగులో లెక్కలు చెప్పనీండి, దొంగ మాత్రం కోయలోనో, గోండిలోనో, కువిలోనో మాట్లాడాలి.